గోకుతున్న కుక్కకు సబ్బు మందు కాదు

వానాకాలం వచ్చిందంటే కుక్కలున్న ఇళ్లలో ఒకటే ఫిర్యాదు: "ఎన్నిసార్లు స్నానం చేయించినా గోకుడు ఆగట్లేదండీ." ఆ వెంటనే కొత్త షాంపూ సీసా దిగుతుంది. చాలా ఇళ్లలో అసలు లోపం స్నానంలో లేదు, అన్నం గిన్నెలోనో గచ్చు మీదో ఉంటుంది. లెక్కవేసి చూద్దాం.

ముందు తోలు సంగతి. బొచ్చు దట్టంగా ఉంది కాబట్టి కింద తోలు కూడా మందంగానే ఉంటుందనుకుంటాం. కానీ మన చర్మం పైపొరలో కణాల వరుసలు 10 నుంచి 15 దాకా ఉంటే, కుక్కకు ఉండేవి 3 నుంచి 5. పైన బొచ్చు కాపలా ఉంది కాబట్టి దానికి అవి చాలు. మనం ఒళ్లు రుద్దుకునే సబ్బుబిళ్ల పీహెచ్ సాధారణంగా 9, 10 దగ్గర ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత. 7 దగ్గర రెండూ సమం. కుక్క తోలు పీహెచ్ ఆ 7కు అటూ ఇటూగా ఉంటుంది. అంత పలచని తోలును వారం వారం సబ్బుతో తోమితే దాన్ని కాపాడే నూనె పోయి, పొడిబారి, దురద ఇంకా పెరుగుతుంది.

మరి ఎన్నిసార్లు చేయించాలి? ఇంట్లో తిరిగే ఆరోగ్యమైన కుక్కకు, కుక్కల షాంపూతో నెలకోసారి చాలు. బురదలో దొర్లి వస్తే అది వేరే సంగతి. డాక్టరు మందు షాంపూ రాసిస్తే మాత్రం నురగ ఒంటిమీద 10 నిమిషాలు ఉండాలి. పూసీ పూయగానే నీళ్లు పోసేస్తే ఆ డబ్బు తూములోకి పోయినట్టే. పిల్లికి సాధారణంగా స్నానమే అక్కర్లేదు. దాని నాలుక మీద సుమారు 300 ముళ్లుంటాయి. వాటి కొసలు గుల్లగా ఉండి ఉమ్మిని పీల్చుకుని బొచ్చు మొదళ్ల దాకా చేరుస్తాయని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2018లో చూపించారు. పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు పిల్లికి ఆ నాలుక ఒక్కటే చాలదు. రోజూ దువ్వకపోతే బొచ్చు ఉండలు కడుతుంది.

ఇక అన్నం గిన్నె. కుక్క రోజూ తినే ప్రోటీన్‌లో (మాంసకృత్తుల్లో) పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి, తోలుకూ బొచ్చుకూనే ఖర్చవుతుంది. 10 కిలోల కుక్కకు రోజుకు కనీసం 18 గ్రాములు కావాలి. ప్యాకెట్ ఆహారానికి పెట్టుకున్న ప్రమాణాలతో చూస్తే 25 దాకా వస్తుంది. మన పెరుగన్నం తీసుకోండి. 300 గ్రాముల అన్నంలో 8 గ్రాములు, 200 గ్రాముల పెరుగులో 6, 7 గ్రాములు. అంతా కలిపితే 15 దాటదు. ఉన్న కొద్దిపాటి ప్రోటీన్‌నూ ఒళ్లు ముందు గుండెకూ కండకూ పంచి, మిగిలితేనే బొచ్చుకిస్తుంది. పైగా తోలుకు నునుపునిచ్చే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు పెరుగన్నంలో చాలా తక్కువ. కడుపు నిండినా బొచ్చు కళ తప్పేది ఇందుకే. రెండు ఉడికించిన గుడ్లు కలిపితే 12 గ్రాములు, 100 గ్రాముల ఎముకల్లేని కోడిమాంసం కలిపితే 20 గ్రాములు చేరతాయి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దు. కుక్కకూ పిల్లికీ అవి విషం.

"పిల్లికి పాలన్నం చాలు కదా?" చాలదు. 4 కిలోల పిల్లికే రోజుకు 12 గ్రాముల ప్రోటీన్ కావాలి. దానికి అవసరమైన టారిన్ లాంటివి మాంసం, చేపల నుంచే వస్తాయి. తిండి మార్చినా, చేపనూనె మొదలుపెట్టినా వారంలో మెరుపు రాదు. కొత్త వెంట్రుక కుదురు నుంచి పెరగాలి కాబట్టి కనీసం 6 నుంచి 8 వారాలు ఆగాలి.

ఇప్పుడు గచ్చు. నడుము మీద, తోక మొదట్లో తెగ గోకుతుంటే ముందు ఫ్లీ మీద అనుమానపడాలి. రెక్కల్లేకుండా గెంతే చిన్న గోధుమరంగు పురుగు అది. కంటికి దొరకదు గానీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్లకాగితం మీద దులపండి. నలుసు చుట్టూ ఎర్రటి మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీ రెట్ట. ఆ ఎరుపు మీ కుక్క రక్తమే.

ఆడ ఫ్లీ రోజుకు 40 గుడ్ల దాకా పెడుతుంది. ఒంటి మీద పది ఆడవి ఉంటే వారానికి 2,800. అవి బొచ్చుకు అంటుకుని ఉండవు; సోఫా సందులోకి, చాపలోకి, కుక్క పడుకునే గోనెపట్టా మీదికి రాలిపోతాయి. మొత్తం సంతతిలో ఒంటిమీద ఉండేవి నూటికి ఐదే అని అంచనా. మిగతా 95 గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటాయి. గూటిలో ఉన్నది నెలల తరబడి ఆగగలదు. అందుకే ఒక డోసు మందుతో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో ఉన్న కుక్కలూ పిల్లులూ అన్నిటికీ, దేనికి తగ్గది దానికి, కనీసం మూడు నెలలు మందు నడవాలి. పక్క గుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. పిడుదులు ఇంకో బాపతు: ఒక్క ఆడపిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది, అదీ గోడ పగుళ్లలో. ఒళ్లు ఎంత తోమినా గోడ సంగతి చూడకపోతే లాభం లేదు.

కుక్క మందు మిగిలిందని పిల్లికి పూయకండి. కుక్కల మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు 45 శాతానికి పైగా ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఫినైలు, కాలిన ఇంజిన్ ఆయిలు, కర్పూరం నూనె పూసే అలవాటు కూడా అంతే ప్రమాదం. పూసింది ఏదైనా నాకుతాయి, అది కడుపులోకే పోతుంది.

ఎండాకాలమని పొమెరేనియన్‌కు గుండు గీయించడం మరో పొరపాటు. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టించుకోలేదు, రొప్పుతూనే చల్లబడుతుంది. గుండు గీస్తే ఎండ నేరుగా తోలుకు తగులుతుంది. అలాంటి దట్టమైన బొచ్చు కుక్కల్లో కొన్నిటికి బొచ్చు తిరిగి రావడానికి ఏడాది పైన కూడా పడుతుంది.

గుండ్రని బట్టతల మచ్చలు, పుండ్లు, చెవి వాసన కనిపిస్తే ఇంటివైద్యం ఆపేయండి. గుండ్రని మచ్చ తామర అయితే అది ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ క్రీములు దురదను అణచి రోగాన్ని పెంచుతాయి. పశువైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు మాత్రం స్నానం చేయించకండి. ఆయన చూడాల్సిన ఆనవాళ్లన్నీ ఆ నీళ్లలోనే పోతాయి.