ఇంట్లో కారు ఛార్జర్ పెట్టించే ముందు మీటరు వైపు ఒకసారి చూడండి

సంక్రాంతికి మా చిన్నల్లుడు కరెంటు కారులో వచ్చాడు. రాత్రి హాలు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి కారుకు తగిలించాడు. తెల్లవారుజామున ప్లాస్టిక్ కాలిన వాసనకు మెలకువ వచ్చింది. చూస్తే ప్లగ్గు నల్లబడి, గోడకు అంటుకుపోయి ఉంది. ఇంకో గంట పడుకుని ఉంటే ఏమయ్యేదో! బ్రూక్‌ఫీల్డ్‌లో మనవాళ్ళ ఇళ్ళు చాలావరకు ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటివి. పిల్లలు ఇప్పుడు ఇలాంటి కార్లే కొంటున్నారు. అందుకే నేను తెలుసుకున్నది నలుగురికీ చెబుతున్నాను.

కారును ఇంట్లో ఛార్జ్ చేయడం మన ఊరికి కొత్తేమీ కాదు. 2001లో బెంగళూరులోనే తయారైన రేవా కారును మామూలు 15 ఆంపియర్ ప్లగ్గుకే తగిలించేవారు. ఇప్పటి కార్ల బ్యాటరీలు పెద్దవి. గీజరు పావుగంట నడిచి ఆగుతుంది, కారు మాత్రం ఎనిమిది, పది గంటలు ఆగకుండా కరెంటు లాగుతుంది. పాత వైర్లు వేడెక్కేది అందుకే.

ముందు మీ కరెంటు బిల్లు తీయండి. మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో అందులో ఉంటుంది. మనం కన్నడం బాగానే మాట్లాడతాం, చదవడం మాత్రం పిల్లలకు వదిలేశాం. వాళ్ళతోనైనా చదివించుకోండి. 15 ఆంపియర్ ప్లగ్గుతో వాడే ఛార్జర్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది. గోడకు బిగించే పెద్ద బాక్సు 7.2 కిలోవాట్లు, అంటే 32 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంటి లోడు 3 కిలోవాట్లే ఉంటే ఆ బాక్సు పెట్టకూడదు. ముందు లోడు పెంచమని బెస్కాంకు దరఖాస్తు పెట్టాలి. లోడు పెరిగితే నెలనెలా కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా పెరుగుతుంది.

అందరికీ పెద్ద బాక్సు అవసరం లేదు. 30 యూనిట్ల బ్యాటరీ చిన్న ఛార్జర్‌తో పది గంటల్లో, పెద్దదానితో ఐదు గంటల లోపు నిండుతుంది. రోజూ ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగేవారికి చిన్నదే చాలు. కారు లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లదే అయితే బయట ఎంత పెద్ద బాక్సు పెట్టినా వేగం పెరగదు.

బిగించే పని లైసెన్సున్న కాంట్రాక్టరుకే ఇవ్వండి. ఈ నాలుగూ దగ్గరుండి చూసుకోండి. మీటరు బోర్డు నుంచి ఛార్జరుకు విడి లైను రావాలి, దాన్ని ఇన్వర్టరుకు కలపకూడదు. 32 ఆంపియర్ల బాక్సుకు కనీసం 6 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, దూరం ఎక్కువైతే 10 వేయాలి. 40 ఆంపియర్ల ఎంసీబీతో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, అది ఛార్జర్ కంపెనీ చెప్పిన రకమే కావాలి. చివరిది ఎర్తింగ్. అది బాగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. కొలిచి కాగితం మీద రాసిమ్మనండి.

బాక్సు బిగించాక సెట్టింగులు చేయించాలి. ఎన్ని ఆంపియర్లు తీసుకోవాలో చాలా బాక్సుల్లో తగ్గించుకోవచ్చు. ఉదాహరణకు మీ లోడు 5 కిలోవాట్లు అనుకోండి. 16 ఆంపియర్లు పెడితే ఛార్జరే 3.7 కిలోవాట్లు తీసుకుంటుంది. దానికి 2 కిలోవాట్ల గీజరు తోడైతే లోడు దాటుతుంది. 10 ఆంపియర్లకు తగ్గిస్తే ఛార్జరు 2.3 దగ్గర ఆగుతుంది. లేదంటే రాత్రి పదకొండు నుంచి ఐదు వరకే నడిచేలా టైము పెట్టండి. వీధిలోకి కనబడే బాక్సుకు కార్డు తాళం, కొత్త పాస్‌వర్డ్ తప్పనిసరి.

గృహజ్యోతి పొందుతున్నవారు ఇది గమనించాలి. నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు దాదాపు 150 యూనిట్లు పడుతుంది. విడి మీటరు పెట్టించుకుంటే కారు యూనిట్లు ఇంటి లెక్కలో కలవవు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కారు ఛార్జింగుకు విడి కనెక్షన్ అడగవచ్చు. మహానగరాల్లో కొత్త కనెక్షన్ గడువును కూడా ఏడు రోజుల నుంచి మూడు రోజులకు తగ్గించారు. విడి మీటరుకు రేటు, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంతో అడిగి, రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకుని నిర్ణయించుకోండి.

అపార్టుమెంటులో ఉండేవారు గోడకు కన్నం వేయకముందే అసోసియేషన్‌తో మాట్లాడి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కేబుల్ ఏ దారిన వస్తుందో, ఏ మీటరుకు కలుస్తుందో అందులో రాయించండి. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, నోటిమాట మీద నడిచిన పని కమిటీ మారిన రోజున ఆగిపోతుంది.

కరెంటు ఇబ్బంది ఏదైనా ఉంటే బెస్కాం నంబరు 1912. కన్నడ దరఖాస్తు నింపడం కష్టమైతే బిల్లు పట్టుకుని మన సంఘానికి రండి, కూర్చుని నింపుదాం. అన్నట్టు, మా అల్లుడి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇప్పుడు అటక మీద ఉంది. మీ ఇంట్లో అలాంటిది కారుకు తగిలించి ఉంటే ఈ రాత్రే తీసేయండి.