చంద్రుణ్ణి తిట్టుకునే కుర్రాళ్లు

18వ శతాబ్దపు లండన్‌లో పొద్దుపోయాక ఇల్లు చేరాలంటే చాలామంది దివిటీ కుర్రాణ్ణి మాట్లాడుకునేవారు. తారులో ముంచిన పీచు కాగడా పట్టుకుని, చిల్లర డబ్బులకు ఇంటిదాకా ముందు నడిచేవాడు. మామూలు పేరు లింక్ బాయ్. వీధి జనం మాత్రం మూన్ కర్సర్ అన్నారు, అంటే చంద్రుణ్ణి తిట్టేవాడు. వెన్నెల కాస్తే ఆ రాత్రి వాడికి బేరం లేనట్టే మరి.

ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వెలువరించిన 'ఎ క్లాసికల్ డిక్షనరీ ఆఫ్ ది వల్గర్ టంగ్' అనే వీధిభాష నిఘంటువులో ఈ మాట ఉంది. దారి చూపే నెపంతో వీళ్లలో కొందరు దోపిడీలకు సాయపడేవారని కూడా ఆయన అక్కడే రాశాడు. వాడి ఆకలి, వాణ్ణి నమ్ముకున్నవాడి భయం రెండూ ఆ ఒక్క పేరు కిందే దొరుకుతాయి. రాజుల చరిత్రలో ఇవి కనిపించవు.

చీకటి మాటలు ఇంకా పాతవి. 1560లలోనే కెంట్ ప్రాంతపు న్యాయాధికారి థామస్ హర్మన్ దేశదిమ్మరుల రహస్య భాషను జాబితాగా రాసిపెట్టాడు. వాళ్లకు రాత్రి 'డార్క్‌మన్స్', పగలు 'లైట్‌మన్స్', తుప్పలూ అడవీ 'రఫ్‌మన్స్'. మామూలు మాటకు తోక తగిలిస్తే పక్కవాడికి అంతుపట్టదు. రెండు శతాబ్దాల తర్వాత గ్రోస్ నిఘంటువులో అదే మాట 'డార్క్‌మన్స్ బడ్జ్'గా కనిపిస్తుంది. మునిమాపువేళ ఇంట్లోకి జారుకుని, ఏ మూలో నక్కి, అర్ధరాత్రి ముఠాకు తలుపు తీసే దొంగ అన్నమాట. 'గ్లిమ్' అంటే కొవ్వొత్తి, లేదా కన్నం వేసేటప్పుడు వాడే మూత లాంతరు. చీకట్లో ఎవరి పని వాళ్లదే, ప్రతి పనికీ ఓ పేరు.

1755లో తన మహానిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్‌కు ఇలాంటివాటి మీద గౌరవం లేదు. కష్టజీవుల, వర్తకుల నోట అప్పటికప్పుడు పుట్టే మాటలు భాషలో నిలిచే సరుకు కాదని, పోతే పోనిమ్మని ముందుమాటలోనే తేల్చేశాడు. అంతటి పండితుడు అక్కడ పొరబడ్డాడనే నా నమ్మకం. గ్రోస్ సైన్యంలో పనిచేసినవాడు, పాత కట్టడాల మీద మోజున్నవాడు. దూరాలు నడిచే సిపాయిలు, ఓడ కళాసీలు, చేపలమ్మే ఆడవాళ్లు, గ్రేవ్‌సెండ్ పడవలో కబుర్లాడే జనం తనకు మాటలిచ్చారని చెప్పుకున్నాడు. 1823లో గ్రోస్ పుస్తకాన్ని మళ్లీ తెచ్చిన పియర్స్ ఈగన్, ఆయన రాత్రిళ్లు లండన్‌లోని సెయింట్ జైల్స్ మురికివాడల్లో తిరిగి మాటలు ఏరుకున్నాడని రాశాడు.

బూతులనూ గ్రోస్ వదల్లేదు. కొన్నిటికి అక్షరాల బదులు గీతలు పెట్టాడు. అయినా విమర్శలు రావడంతో 1788 కూర్పులో కొన్నిటిని తీసేశాడు, కొన్నిటిని మెత్తబరిచాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీకైతే ఇంకా మొహమాటం. మొదటి కూర్పులో వదిలేసిన అతి పచ్చి బూతులకు 1972 అనుబంధం దాకా చోటే దొరకలేదు. జనం రోజూ అంటున్న మాటను పుస్తకం విననట్టు నటిస్తే ఆ మాట చావదు, దాని చరిత్ర మాత్రం పోతుంది.

గ్రోస్ పుస్తకం చదవడం అంత సుఖం కాదు. ఆడవాళ్లను, యూదులను, ఐర్లండ్ వాళ్లను కించపరిచే మాటలు అడుగడుగునా తగిలి మనసు చివుక్కుమంటుంది. వాటినీ ఉంచాల్సిందే. ఎవరు ఎవరిని ఎంత తేలిగ్గా తూలనాడారో తెలిపే సాక్ష్యం అదే కదా.

1807లో పాల్‌మాల్ వీధిలో గ్యాస్ దీపాలు వెలిగాయి. క్రమంగా దివిటీ కుర్రాళ్ల బతుకుతెరువు పోయింది. బర్క్‌లీ స్క్వేర్‌లో కొన్ని పాత ఇళ్ల గుమ్మాల దగ్గర వాళ్లు కాగడాలు ఆర్పుకున్న ఇనుప గొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. గ్రోస్ నిఘంటువు 1811 కూర్పు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.