సిగ్నల్ లేని సముద్రంలో చేపల జాడ.. ఓపెన్ డేటా ఎలా పనిచేస్తుందంటే!

నెల్లూరు తీరం జువ్వలదిన్నె నుంచి వేటకెళ్లే బోటుకు డీజిల్ ఖర్చే పెద్ద భారం. చేపలు ఎక్కడుంటాయో ముందే తెలిస్తే? ఓపెన్ డేటా పనికొచ్చేది ఇక్కడే.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాటిలైట్ల ద్వారా సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ ఎంతుందో చూస్తుంది. క్లోరోఫిల్ ఎక్కువుంటే చేపలకు మేత ఉన్నట్టే. అలాంటి చోట్లు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాయో తెలుగులోనూ ఉచితంగా చెబుతుంది. మబ్బులు కమ్మితే మాత్రం ఈ సమాచారం రావడం కష్టమే.

యూరప్‌దీ ఇదే దారి. కోపర్నికస్ కార్యక్రమంలోని సెంటినెల్ శాటిలైట్ల డేటా ఎవరికైనా ఫ్రీ. 2018లో భారత్‌తోనూ డేటా ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం కుదిరింది.

అసలు చిక్కు సిగ్నల్‌తోనే. తీరం నుంచి 10-12 కి.మీ. దాటితే ఫోన్ మూగబోతుంది. అందుకే 2019లో జెమిని డివైజ్ వచ్చింది. గగన్ శాటిలైట్ నుంచి మెసేజ్ అందుకుని, బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కు పంపిస్తుంది. చేపల జాడతో పాటు తుపాను, సునామీ, పెద్ద అలల హెచ్చరికలూ వస్తాయి.

మైనస్ ఏంటంటే, ఇది వన్‌వే. ఆపదలో ఉన్నామని బోటు నుంచి తిరిగి చెప్పలేం. డేటా ఎంత ఓపెన్‌గా ఉన్నా, నడిసంద్రంలో ప్రాణం కాపాడాలంటే రెండువైపులా మాట్లాడే గ్యాడ్జెట్ తక్కువ ధరలో దొరకాలి.