నేరచరిత్ర రచనలో న్యాయవాది: విలియం రఫ్‌హెడ్

నేరాన్ని ఇతివృత్తంగా తీసుకొన్న రచనలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. అపరాధ పరిశోధక నవలలు ఒక తరం పాఠకులను రాత్రివేళ నిద్రపోనివ్వలేదు. కాని వాటిలో హతుడు, హంతకుడు, వాని జాడ తీసే పరిశోధకుడు అందరూ రచయిత కల్పించినవారే. నిజంగా జరిగిన నేరాన్ని, నిజంగా బోనులో నిలుచున్న మనిషిని, న్యాయస్థానపు రికార్డును దాటిపోకుండా, సాహిత్యగౌరవం గల వచనంలో చెప్పే ప్రక్రియ వేరొకటి ఉన్నది. ఇంగ్లీషులో ఈ ప్రక్రియకు ఒక రూపాన్నీ, ఒక మర్యాదనూ ఏర్పరచినవారిలో ముఖ్యుడు స్కాట్లండు న్యాయవాది విలియం రఫ్‌హెడ్ (1870-1952).

రఫ్‌హెడ్ ఎడింబరో నగరంలో పుట్టి, అక్కడనే న్యాయశాస్త్రం చదివి, 'రైటర్ టు ది సిగ్నెట్' అనే ప్రాచీన వృత్తిసంఘంలో సభ్యుడైనాడు. ఈ బిరుదులోని 'రైటర్' అనే మాటకు రచయిత అని అర్థం కాదు. అది సొలిసిటరు వృత్తికి స్కాట్లండులో ఉన్న పాత పేరు. ఆ మాటను రెండర్థాలలోనూ సార్థకం చేసుకొన్నవాడు రఫ్‌హెడ్. 1889లో, ఇంకా ఇరవై ఏండ్లు నిండకముందే, శిశుహత్యల నేరం మోపబడిన జెస్సీ కింగ్ అనే స్త్రీ విచారణను చూడడానికి అతడు ఎడింబరో ఉన్నత న్యాయస్థానానికి వెళ్లినాడు. అది మొదలు అరవై ఏండ్లపాటు అక్కడ జరిగిన ముఖ్యమైన హత్యావిచారణలకు ప్రేక్షకుడుగా హాజరవుతూ వచ్చినాడు. న్యాయవాదిగా వాదించడానికి కాదు, వినడానికి. కోర్టులో మాట్లాడేవారికి కొదవ లేదు. ఏ పక్షానికీ చెందకుండా ఇంతకాలం విన్నవారు మాత్రం అరుదు.

ఈ శ్రవణానికి ఫలం 'ప్రసిద్ధ విచారణలు' అనే గ్రంథమాలలో కనిపిస్తుంది. విలియం హాజ్ అనే ప్రచురణ సంస్థ 1905లో ఈ మాలను ప్రారంభించినది. మొదట స్కాట్లండుకు పరిమితమైన ఈ మాల తరువాత బ్రిటను అంతటికీ విస్తరించినది. ప్రతి సంపుటానికి ఒకే కట్టడి. ముందు సంపాదకుని విపులమైన పీఠిక, సంఘటనల తేదీల పట్టిక, తరువాత సాక్షుల వాఙ్మూలాలు, న్యాయవాదుల ప్రసంగాలు, న్యాయమూర్తి జూరీకి చెప్పిన మాటలు, చివర అనుబంధాలు. రఫ్‌హెడ్ ఈ మాలలో పది సంపుటాలు సిద్ధపరచినాడు. భార్యకూ అత్తకూ విషం పెట్టి 1865లో ఉరికంబమెక్కిన డాక్టరు ప్రిచర్డ్ విచారణ వాటిలో మొదటిది (1906). పగలు పెద్దమనిషిగా, రాత్రి దొంగగా బ్రతికిన డీకన్ బ్రోడీ, వైద్యవిద్యార్థుల శరీరశాస్త్ర పాఠాలకు శవాలు అమ్మడానికి మనుషులను చంపిన బర్క్, హేర్ మొదలైనవారి కథలు తరువాతి సంపుటాలలో వచ్చినవి.

ఈ గ్రంథాలకు పీఠికలే ప్రాణమని సాధారణాభిప్రాయం. రఫ్‌హెడ్ చమత్కారమంతా పీఠికలలోనే ఉన్నమాట నిజం. ఐనా ఈ మాల చేసిన అసలు మేలు పీఠిక ముగిసిన తరువాత మొదలవుతుంది. వార్తాపత్రికలలో నాలుగు రోజులు మెరిసి మాయమయ్యే సాక్ష్యాన్ని తీరికగా చదువుకోదగిన పుస్తకంగా నిలపడం సామాన్యమైన పని కాదు. ఆ పని ఎంత దూరం పోగలదో ఆస్కార్ స్లేటర్ కేసు తెలియజేస్తుంది.

1908 డిసెంబరు 21 సాయంకాలం గ్లాస్గో నగరంలో మేరియన్ గిల్‌క్రిస్ట్ అనే ఎనభైరెండేండ్ల వృద్ధురాలు తన ఇంటిలో హత్య చేయబడినది. పనిమనిషి పత్రిక కొని తేవడానికి వెళ్లిన కొద్ది నిమిషాలలోనే ఇది జరిగినది. ఇంటిలో విలువైన నగలెన్నో ఉన్నా, నెలవంక ఆకారంలో వజ్రాలు పొదిగిన పతకం ఒక్కటే కనిపించలేదు. జర్మనీలో పుట్టిన యూదుడు స్లేటర్ అటువంటి పతకాన్నే తాకట్టు పెట్టినాడని పోలీసులకు తెలిసినది. అతడు అప్పుడే మారుపేరుతో అమెరికాకు ఓడ ఎక్కినాడు. నేరస్థుడు దొరికినాడని లోకం నమ్మడానికి ఇంతకంటె ఏమి కావలెను? ఐతే ఆ పతకం వేరు. స్లేటర్ దానిని హత్యకు నెల రోజుల ముందే తాకట్టు పెట్టినాడు. కేసుకు ఆధారమైన సూచన కూలిపోయినా, అనుమానం మాత్రం మనిషిని వదలలేదు. న్యూయార్కులో పట్టుబడిన స్లేటర్ తన నిర్దోషిత్వంపై నమ్మకంతో స్వచ్ఛందంగా తిరిగివచ్చినాడు.

1909 మే నెలలో ఎడింబరోలో విచారణ నాలుగు రోజులు జరిగినది. స్కాట్లండు జూరీలో పదిహేనుగురు ఉంటారు. ఆనాడు అధికసంఖ్యాకుల అభిప్రాయమే తీర్పుగా ఉండేది. దోషి, నిర్దోషి అనేవి కాక 'నిరూపితం కాలేదు' అనే మూడవ తీర్పు కూడ ఆనాటి చట్టంలో ఉండేది. తొమ్మండుగురు దోషి అన్నారు, అయిదుగురు నిరూపితం కాలేదన్నారు, ఒక్కడు నిర్దోషి అన్నాడు. స్లేటర్‌కు ఉరిశిక్ష పడినది. ఇరవైవేలకు పైగా జనం సంతకాలు చేసిన విన్నపం తరువాత, ఉరికి రెండు రోజుల ముందు, అది యావజ్జీవ కఠినశిక్షగా మార్చబడినది.

మరుసటి ఏడే రఫ్‌హెడ్ ఈ విచారణను గ్రంథంగా ప్రకటించినాడు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ 1912లో స్లేటర్ పక్షాన వ్రాసిన చిన్నపుస్తకానికి ఆధారం ఈ గ్రంథమే. కల్పిత నేరాలలో అందరికంటె పేరు పొందిన రచయిత నిజమైన నేరం దగ్గరకు వచ్చేసరికి, న్యాయవాది కూర్చిన రికార్డును ముందు పెట్టుకొని సాక్షుల మాటలను ఒకదానితో ఒకటి సరిచూడవలసి వచ్చినది. 1914లో ట్రెంచ్ అనే పోలీసు అధికారి కొత్త సమాచారం బయటపెట్టగా రహస్యవిచారణ జరిపించినారు. సాక్షులచేత ప్రమాణం చేయించలేదు. ఫలితం ఏమంటే స్లేటర్ జైలులోనే ఉన్నాడు, ట్రెంచ్ ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. 1927లో విలియం పార్క్ అనే పత్రికారచయిత మరొక గ్రంథం వ్రాసిన తరువాత, పద్దెనిమిది ఏండ్లకు పైగా శిక్ష అనుభవించిన స్లేటర్‌ను విడుదల చేసినారు. స్కాట్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడినదే 1926లో. పాత కేసును అక్కడికి తేవడానికి ప్రత్యేక చట్టం చేయవలసివచ్చినది. 1928 జూలైలో తీర్పు కొట్టివేయబడినది.

కొట్టివేతకు కారణం గమనింపదగినది. సాక్ష్యం చాలదని కాదు. న్యాయమూర్తి జూరీకి తప్పుదారి చూపినాడని. స్లేటర్ వంటి నడవడి గలవానికి నిర్దోషి అనే అనుమానఫలం సామాన్యుని వలె వర్తించదనే భావం న్యాయమూర్తి మాటలలో ఉన్నది. ఆ మాటలు 1910 నుండి పుస్తకంలో అచ్చై అందరి ఎదుట ఉన్నవి. రఫ్‌హెడ్ సంపుటం తరువాతి ముద్రణలలో 1914 నాటి విచారణనూ, 1928 నాటి అప్పీలునూ చేర్చుకొంటూ పెరిగినది. కేసు తలక్రిందులైన కొద్దీ మళ్లీ అచ్చైన గ్రంథాలు ఏ భాషలోనైనా తక్కువే.

ఆ మాలలోనే 1911లో వచ్చిన జెస్సీ మక్లాక్లన్ విచారణ కథకులకు మరొక కారణంచేత ఆసక్తికరమైనది. 1862లో గ్లాస్గోలో ఒక పనిమనిషిని చంపినదని ఆమెను జూరీ దోషిగా నిర్ణయించిన తరువాత, శిక్ష వినిపించే ముందు, ఆమె న్యాయవాది ఆమె చెప్పిన కథను కోర్టులో చదివినాడు. హత్య చేసినది ఆ ఇంటి యజమాని ముసలి తండ్రి అని దాని సారాంశం. న్యాయమూర్తి నమ్మలేదు, ఉరిశిక్ష వేసినాడు. దేశం చాలావరకు నమ్మినది. ఉరి రద్దయి, ఆమె పదిహేనేండ్లు జైలులో గడిపినది. తీర్పు తరువాత చదివిన కథకు విచారణలో స్థానం లేదు. గ్రంథంలో ఉన్నది.

గ్రంథమాలకు బయట రఫ్‌హెడ్ వ్రాసిన వ్యాసాలు చాలావరకు 'జురిడికల్ రివ్యూ' అనే న్యాయశాస్త్ర పత్రికలో వచ్చినవి. 1913లో 'పన్నెండు స్కాట్ విచారణలు' పేరుతో మొదటి సంకలనం వెలువడినది. నవలాకారుడు హెన్రీ జేమ్స్ వీటికి అభిమాని. పాతకాలపు మంత్రగత్తెల విచారణలు విడిచి, ఇండ్లలో మనుషుల మధ్య పుట్టే నేరాలనే వ్రాయుమని రఫ్‌హెడ్‌ను ప్రోత్సహించినాడు. రఫ్‌హెడ్ వచనంలో వ్యంగ్యం ఒకపాలు ఎక్కువ. కాలం చెల్లిన పదాలపై మోజు ఉన్నది. హతులను తలచి నవ్వే చోట్ల నేటి పాఠకునికి కొంత ఇబ్బంది కలుగకపోదు.

న్యాయవాది రచయితగా మారినపుడు ఇది ఒక్కటే మార్గం కాదు. విశాఖపట్నంలో న్యాయవాదవృత్తి చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) వేరొక దారిలో నడిచినాడు. 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం పేదల బ్రతుకులను ఏ విధంగా నలిపినదో, పోలీసులూ ప్లీడర్లూ దానిని ఏ విధంగా వాడుకొన్నారో కల్పితపాత్రల ద్వారా, ఆ ప్రాంతపు పలుకుబడిలో చూపించినాడు. కోర్టులో చెప్పలేని నిజం చెప్పడానికి అతనికి కల్పన అవసరమైనది. రఫ్‌హెడ్ కల్పన జోలికి పోలేదు. ఐనా అతని వ్యాసం ఒకటి మరొకరి చేతిలో కల్పనగా మారినది. ఆ మార్పులో భారతదేశానికి సంబంధించిన సంగతి ఒకటి జారిపోయినది.

1930లో వచ్చిన 'చెడు సావాసగాండ్రు' అనే సంపుటంలో డ్రమ్‌షూ కేసును గురించిన వ్యాసం ఉన్నది. 1809లో ఎడింబరోలోని డ్రమ్‌షూ ప్రాంతంలో మేరియన్ వుడ్స్, జేన్ పిరీ అనే ఇద్దరు ఉపాధ్యాయినులు బాలికల వసతిపాఠశాల స్థాపించినారు. 1810 నవంబరులో విద్యార్థినులలో ఒకతె, వారిద్దరి మధ్య అక్రమసంబంధం ఉన్నదని తన నాయనమ్మ డేమ్ హెలెన్ కమింగ్ గోర్డన్‌తో చెప్పినది. ఆమె తన మనుమరాండ్రను తీసుకొనిపోయి, తక్కిన తల్లిదండ్రులకూ కబురు పంపినది. రెండు రోజులలో బడి ఖాళీ అయినది. ఉపాధ్యాయినులు పరువు నష్టానికి దావా వేసినారు. విచారణ తలుపులు మూసి జరిపినారు. 1811లో నలుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ముగ్గురు మరొక వైపు నిలువగా వాదులు ఓడిపోయినారు. 1812లో పునర్విచారణపై అంతే తేడాతో గెలిచినారు. ప్రభువుల సభ 1819లో ఆ గెలుపును స్థిరపరచినది.

నేరం చెప్పిన బాలిక జేన్ కమింగ్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండిన కమింగ్ గోర్డన్ కుమారునికి, భారతీయ స్త్రీకి, వివాహం లేకుండా మన దేశంలో పుట్టిన పిల్ల. తండ్రి చనిపోగా చిన్నతనంలో స్కాట్లండుకు చేర్చబడినది. దావా నాటికి పదహారేండ్ల వయస్సు ఉండవచ్చును. ఉపాధ్యాయినుల పక్షాన నిలిచిన న్యాయమూర్తి లార్డ్ మెడోబ్యాంక్ ముందు ఒక చిక్కు వచ్చినది. ఇట్టి సంబంధం బ్రిటను స్త్రీలకు తెలియనే తెలియదని అతని వాదం. తెలియనిదైతే ఈ పిల్ల ఎక్కడ నేర్చినది? భారతదేశంలో దాదుల వద్ద, పనివారి వద్ద నేర్చి ఉంటుందని సమాధానం. ఇద్దరు నిరపరాధుల పరువు నిలిచినదన్నమాట నిజమే. ఆ నిలిపిన పద్ధతి మాత్రం, విచారణలో పేరు లేని, జవాబు చెప్పుకొనే వీలు లేని ఒక దేశపు స్త్రీలపై దోషం వేయడం.

డిటెక్టివ్ నవలాకారుడు డాషియల్ హామెట్ ఈ వ్యాసం చదివి, నాటకానికి పనికివస్తుందని లిలియన్ హెల్‌మన్‌కు సూచించినాడు. ఆమె వ్రాసిన 'పిల్లల గంట' 1934 నవంబరు 20న న్యూయార్కులో ప్రదర్శింపబడి 691 సార్లు ఆడినది. బోస్టనులో నిషేధానికి గురైనది. తలుపుకు తాళపు కన్నమే లేనప్పుడు దానిలో నుండి చూసినదెట్లా అనే ప్రశ్న స్కాట్లండు సాక్ష్యంలో నుండి నాటకంలోకి వచ్చినదే. తక్కిన మార్పులు ఎన్నో. కథ అమెరికాకు మారినది. దావాలో ఉపాధ్యాయినులు ఓడిపోతారు. వారిలో ఒకతె ఆత్మహత్య చేసుకొంటుంది. చరిత్రలోని ఇద్దరు స్త్రీలు ఎనిమిది తొమ్మిదేండ్లు కోర్టులలో పోరాడి గెలిచినవారు. విషాదం కోసం నాటకకర్త్రి ఆ గెలుపును తీసివేసినది. ఆ హక్కు కల్పనకు ఉన్నది కనుక తప్పు పట్టనవసరం లేదు.

అన్నిటికంటె పెద్ద మార్పు మరొకటి. నేరం చెప్పే బాలిక పేరు నాటకంలో మేరీ టిల్‌ఫర్డ్. ధనికురాలైన అమెరికను నాయనమ్మ గారాబంలో చెడిపోయిన పిల్ల. జేన్ కమింగ్ అబద్ధం చెప్పినదా, విన్నమాటను పెంచి చెప్పినదా అనేది నేటికీ వాదాస్పదమే. ఐతే ఆమెకు తల్లి దేశం దూరమైనది. తండ్రి ఇంటిలో స్థానం పూర్తిగా దక్కలేదు. తరగతిలో తనవలె కనిపించే పిల్ల మరొకతె లేదు. ఈ పరిస్థితి నాటకంలోకి వచ్చి ఉంటే మేరీ దుష్టత్వం అంత సులభంగా అర్థమయ్యేది కాదు, ప్రేక్షకుడు అంత నిశ్చింతగా ఆమెను ద్వేషించగలిగేవాడూ కాదు. మెడోబ్యాంక్ భారతదేశాన్ని దోషిగా నిలబెట్టినాడు. హెల్‌మన్ దానిని రంగం మీదికే రానివ్వలేదు. రికార్డు మాత్రం రెండింటికీ సాక్షిగా ఉండిపోయినది. దానిలో ఆ బాలిక మాటలు ఉన్నవి, ఐతే న్యాయవాదులు అడిగిన ప్రశ్నలకు జవాబుల రూపంలోనే ఉన్నవి.

విలియం వైలర్ ఈ నాటకాన్ని రెండుసార్లు చిత్రంగా తీసినాడు. 1936 చిత్రంలో అసలు ఆరోపణనే మార్చి, ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుని కథగా చేసినారు. 1961లో ఆరోపణ తిరిగివచ్చినది, జేన్ కమింగ్ రాలేదు. అమెరికను పరిశోధకురాలు లిలియన్ ఫేడర్‌మన్ 1983లో 'స్కాచ్ తీర్పు' అనే గ్రంథం వ్రాసినపుడు, రఫ్‌హెడ్ వ్యాసానికి వెనుక ఉన్న అసలు దస్తావేజులకే తిరిగివెళ్లి, న్యాయమూర్తుల ప్రసంగాలతో పాటు ఆ బాలిక వాఙ్మూలాన్ని కూడ మళ్లీ పాఠకుల ముందు పెట్టినది.