కడలి నాడి పట్టే ఓడలు

సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉపగ్రహం సముద్రపు వేడిని కొలుస్తుంది. నీళ్లు వెలువరించే పరారుణ కిరణాలే దానికి ఆధారం. ఆ కిరణాలు ఎంత లోతు నుంచి వస్తాయో తెలుసా? మిల్లీమీటరులో సుమారు నూరో వంతు నుంచి. తల వెంట్రుక మందం కూడా లేని పొర అది!

గాలికీ ఆవిరికీ వేడిని వదులుకునేది ఆ పొరే కనుక, అది అడుగు నీటికన్నా కాస్త చల్లగా ఉంటుంది. గాలి బాగా వీస్తున్నప్పుడు తేడా దాదాపు 0.17 డిగ్రీలు. కాబట్టి నీట ముంచిన థర్మామీటరుతో ఉపగ్రహం లెక్కను సరిచూస్తే ఆ మేరకు తేడా వస్తుంది, రెండూ నిజమే చెబుతున్నా సరే. ఆ పైపొరనే చూసే కన్ను కావాలి.

ఆ కన్ను ఓడ మీద బిగించిన రేడియోమీటర్. ఓడ చీల్చని నీటినే అది చూడాలి, కలచిన నీటిలో పైపొర చెదిరిపోతుంది మరి. తర్వాత ఆకాశం వైపు తిరుగుతుంది, ఎందుకంటే సముద్రం అద్దంలా ఆకాశపు కిరణాలను కొంత తిప్పికొడుతుంది, దాన్ని తీసేయాలి. ఆపైన తన లోపలే ఉన్న, వేడి కచ్చితంగా తెలిసిన రెండు నల్లని గూళ్లను చూసి తనను తాను సరిదిద్దుకుంటుంది. కిరాణా కొట్టులో త్రాసును తూకపు రాళ్లతో సరిచూసినట్టే. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ నిజాయితీ.

దీన్ని మోసేవి పరిశోధన నౌకలే కావు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావోకు ప్రయాణికులను చేరవేసిన 'ప్రైడ్ ఆఫ్ బిల్బావో' ఫెర్రీ మీద 2004 నుంచి 'ఇసార్' అనే పరికరం పనిచేసింది. వాన పడితే దాని మూత దానంతటదే మూసుకుంటుంది. మయామీ విశ్వవిద్యాలయం వారి పరికరం 'ఎక్స్‌ప్లోరర్ ఆఫ్ ద సీస్' అనే విహార నౌక మీద తిరిగింది. ఒకే దారిలో మళ్లీ మళ్లీ వెళ్లే ఓడ, అవే నీళ్లను అన్ని రుతువుల్లోనూ చూస్తుంది.

పూర్వం నావికులు బకెట్‌తో నీళ్లు తోడి కొలిచేవారు. గుడ్డ బకెట్‌లోని నీళ్లు పైకి వచ్చేలోగా కుండలో నీళ్లలా చల్లబడేవి. ఇంజను గదిలోకి వచ్చే నీటిని కొలిస్తే, అక్కడి వేడి కలిసేది.

ఉపగ్రహపు లెక్క కూడా తప్పవచ్చు, అందుకే ఓడల మీది ఈ కన్ను అవసరం. 1991లో పినటూబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆకాశమంతా పరుచుకున్న సన్నని తుంపరల వల్ల ఉపగ్రహాలు సముద్రాన్ని ఉన్నదానికన్నా చల్లగా చూపాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), ఉపగ్రహాలు పంపే ఇలాంటి కొలతలతోనే చేపలు చేరే చోట్లను గుర్తించి మన తీరపు మత్స్యకారులకు తెలుగులో కబురు పంపుతుంది. అయితే మబ్బు కమ్మితే ఉపగ్రహపు పరారుణ కన్నుకు నీళ్లు కనిపించవు.