వాగు నడుమ, ఊరు రెండు

జర్మనీలో బవేరియా, తురింగియా రాష్ట్రముల సరిహద్దున మోడ్లరాయిట్ అను పల్లె కలదు. అందలి జనులు సుమారు 50 మంది. ఊరి నడుమ టన్‌బాఖ్ అను సన్నని వాగు పారుచున్నది. 1810లో ఆ వాగు వెంట సరిహద్దు రాళ్లు నాటిరి. ఒక గట్టు బవేరియా రాజ్యమునకును, రెండవది రాయిస్ సంస్థానమునకును చెందెను. అయినను ఊరికి బడి యొకటే; బవేరియా గట్టు పిల్లలు వాగు దాటి పోయి చదువుకొనెడివారు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము తురింగియా సోవియట్ సేనల వశమునను, బవేరియా అమెరికను సేనల వశమునను ఉండెను. 1949లో రెండు గట్టులు రెండు దేశములలోనివైనవి. 1952లో వాగు ప్రక్కన తూర్పు ప్రభుత్వము చెక్క కంచె కట్టెను. 1966లో 700 మీటర్ల కాంక్రీటు గోడ లేపెను. తూర్పువారు ఆవలి గట్టువారికి చేయి యూపుటయు నిషిద్ధమయ్యెను. అమెరికను సైనికులు ఆ పల్లెను ‘చిన్న బెర్లిన్’ అనిరి.

1989 డిసెంబరు 9న గోడలో దారి తెరచిరి. 1990 జూన్ 17న చాలభాగము కూల్చివేసిరి. మిగిల్చిన గోడ, కావలి బురుజు నేడు అచటి మ్యూజియమునకు చెందినవి. వాగు ఇప్పటికిని రెండు రాష్ట్రముల సరిహద్దే. ఊరికి మేయర్లును ఇద్దరే. కాని వాగు దాటువారిని ఆపువారు లేరు.