నక్షత్ర ధూళిలో మన రాళ్ల మూలాలు

చీమకుర్తి: ఇక్కడి క్వారీల నుంచి దేశ విదేశాలకు తరలివెళ్లే నల్లరాయి 'బ్లాక్ గెలాక్సీ' పేరుతో ప్రసిద్ధి. నల్లని రాతిలో నక్షత్రాల్లా మెరిసే బంగారు వన్నె చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇది పైరాక్సిన్ కుటుంబానికి చెందినది. అదే కుటుంబపు ఖనిజాలను వందల కాంతి సంవత్సరాల దూరంలోని నవజాత నక్షత్రాల చుట్టూ ఉన్న ధూళిలోనూ శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఏముంది ఆ ధూళిలో?

నక్షత్రం పుట్టిన కొత్తలో దాని చుట్టూ వాయువు, ధూళి కలిసి పళ్లెం ఆకారంలో పరిభ్రమిస్తుంటాయి. గ్రహాలు రూపుదిద్దుకునేది ఈ పళ్లెంలోనే. దాని ద్రవ్యరాశిలో దాదాపు 99 శాతం వాయువే. మిగిలిన ఒక శాతం ధూళే భూమి వంటి రాతి గ్రహాలకు ముడిసరుకు. తొలిదశలో రేణువులు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవి. సిలికాన్, ఆక్సిజన్, మెగ్నీషియం, ఇనుము కలిసిన సిలికేట్లు వీటిలో ప్రధానమైనవి. కర్బన పదార్థాలూ ఉంటాయి. నక్షత్రానికి దూరంగా, శీతల ప్రాంతంలోని రేణువులపై నీరు, కార్బన్ డయాక్సైడ్ మంచుపొరలుగా పేరుకుంటాయి.

ఎలా తెలుస్తుంది?

అంత దూరం నుంచి పిడికెడు ధూళి తెచ్చే వీలు లేదు. రేణువులు వెలువరించే పరారుణ కాంతే ఆధారం. సిలికేట్ల ఆనవాలు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద కనిపిస్తుంది. అవి గాజు రూపంలో ఉంటే వర్ణపటంలో నున్నని మిట్ట ఏర్పడుతుంది. స్ఫటికాలైతే సన్నని శిఖరాలు లేస్తాయి. పంచదార పాకం త్వరగా చల్లారితే గాజుబిళ్లలా గట్టిపడుతుంది. నెమ్మదిగా పేరుకుంటే పటికబెల్లం అవుతుంది. పదార్థం ఒక్కటే, అమరికే వేరు.

మంచులో కొలిమి సరుకు

నక్షత్రాల మధ్య తేలియాడే సిలికేట్లు దాదాపు అన్నీ గాజు రూపంలోనివే. అవి స్ఫటికాలుగా మారాలంటే సుమారు 700 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి తగలాలి. అయితే నాసా వారి 'స్టార్‌డస్ట్' నౌక వైల్డ్-2 తోకచుక్క నుంచి 2006 జనవరిలో భూమికి చేర్చిన రేణువులలో స్ఫటికాలు బయటపడ్డాయి. సూర్యునికి దూరంగా, గడ్డకట్టే చలిలో పుట్టిన తోకచుక్కలోకి అవి ఎలా చేరాయన్నది చిక్కుముడిగా మారింది.

దొరికిన ఆధారం

వృక మండలంలోని ఎక్స్ లూపి అనే నవజాత నక్షత్రం 2008 జనవరిలో అకస్మాత్తుగా దాదాపు వంద రెట్లు ప్రకాశవంతమైంది. పళ్లెంలోని పదార్థం భారీగా నక్షత్రంపై పడటమే ఇందుకు కారణం. అదే ఏడాది ఏప్రిల్‌లో స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని దానిని పరిశీలించింది. 2005 నాటి వర్ణపటంలో లేని స్ఫటిక శిఖరాలు అప్పుడు కనిపించాయి. అవి ఆలివిన్ కుటుంబానికి చెందిన ఫోర్‌స్టరైట్‌వి. నక్షత్రం వేడికి పళ్లెం ఉపరితలంలోని ధూళి స్ఫటికంగా మారిందని హంగరీ శాస్త్రజ్ఞుడు పీటర్ అబ్రహాం బృందం 2009లో 'నేచర్' పత్రికలో వెల్లడించింది. ఆ స్ఫటికాలు నక్షత్రం నుంచి వెలుపలికి తరలినట్లు అనంతర పరిశీలనలు సూచించాయి.

మన సూర్యుడు కూడా శైశవంలో ఇలాగే పలుమార్లు ప్రజ్వరిల్లి ఉంటే తోకచుక్కలలోని స్ఫటికాలకు సమాధానం దొరికినట్లే. స్పిట్జర్ సేవలు 2020లో ముగియగా, 2021 డిసెంబరులో ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ అన్వేషణను కొనసాగిస్తోంది.

చీమకుర్తి రాతిలోని చుక్కలు ఆకాశం నుంచి నేరుగా రాలినవి కావు. భూగర్భంలోని శిలాద్రవం చల్లారే క్రమంలో ఏర్పడినవి. కానీ వాటిలోని మెగ్నీషియం, ఇనుము, సిలికాన్ ఒకనాడు పసిసూర్యుని చుట్టూ తిరిగిన ధూళిలోనివే.